అడవిలో దారి: పటము, దిక్సూచి

(అటవీ ప్రాంతమున జరిగిన యువజన శిబిరములో చేసిన ప్రసంగ పాఠము)



ఈ శిబిరమునకు మమ్ము ఆహ్వానించిన పెద్దలు, అడవిలో దారి తప్పకుండుట యెట్లో మా పిల్లలకు నాలుగు మాటలు చెప్పవలెనని కోరినారు. ఆ మాట విని మొదట మాకు నవ్వు వచ్చినది. అడవి అంచున పుట్టి, అడవిలో పశువులను మేపి, ఇప్పపువ్వు ఏరి, తునికాకు కోసి పెరిగిన మీకు పట్టణవాసులమైన మేము అడవిదారిని గూర్చి చెప్పుట తాతకు దగ్గులు నేర్పుట గాదా?

అయితే కొంత ఆలోచింపగా పెద్దల కోరికలో న్యాయము కలదని తోచినది. మీకు తెలిసినది మీ ఊరి చుట్టునున్న అడవి. ఆ మేరలో ప్రతి చెట్టు, ప్రతి బండ మీకు ఆనవాలే. కాని తప్పిపోయిన ఆవు మీకు తెలిసిన మేరలోనే తిరుగవలెనను నియమము లేదు. కార్చిచ్చు నార్పుటకు పోయినపుడును, దారి తప్పినవారిని వెదకబోయినపుడును అలవాటైన బాట విడువక తప్పదు. పైగా మీలో పలువురు పట్టణములందలి వసతి గృహములలో నుండి చదువుకొన్నవారు. మీ తాతలకు అడవితో గల పరిచయము మీకు లేదు. అది మీ తప్పు గాదు. తాతల విద్య సన్నగిల్లిన చోట పటము, దిక్సూచి అను రెండు సాధనములు మనకు తోడు నిలువగలవు. వానిని గూర్చియే నేడు ముచ్చటించుకొందము.

ఒక పెయ్యకొరకు

ముందుగా మాకు జరిగిన పరాభవమును మీకు విన్నవింతుము.

కొన్ని ఏండ్ల క్రిందట, భాద్రపద మాసమున, మేము నల్లమల అంచున గల ఒక గ్రామమున వయోజన విద్యా కార్యక్రమమునకై బస చేసియుంటిమి. నాలుగు దినములుగా ముసురు పట్టియుండెను. సూర్యదర్శనము లేదు. పదునారేండ్ల బాలుడొకడు తప్పిపోయిన పెయ్యను వెదకుచు ప్రొద్దున అడవిలోనికి పోయి, చీకటి పడినను తిరిగి రాలేదు. ఊరిలోని మగవారందరు లాంతర్లు, టార్చిలైట్లు పట్టుకొని తలకొక దిక్కునకు పరుగెత్తిరి. ఎవరు ఎటు పోయినదియు ఎవరును గుర్తు పెట్టుకొనలేదు. రాత్రి పదిగంటలకు లెక్క చూడగా, బాలునితోపాటు వెదకబోయిన వారిలో ఇద్దరు కూడ కనబడలేదు.

మరునాడు వేకువనే మేమును నలుగురితో కలిసి బయలుదేరితిమి. మా జేబులో దిక్సూచి కలదు. విద్యార్థి దశలో దానిని వాడుట నేర్చియుంటిమి. ఆ గర్వము మాకు లేకపోలేదు. మాతో వచ్చినవారిలో ఒక చెంచు పెద్ద యుండెను. పడమరగా రెండు గంటలు నడచి, పిలిచి పిలిచి గొంతులు పోయి, ఒక గుట్ట క్రింద ఆగితిమి. ఇక మరలుదమని దిక్సూచి తీసి చూచితిమి. పడమరకు వచ్చినవారము గనుక ఊరు తూర్పున నుండవలెను. సూది లెక్కన తూర్పు మా కుడిచేతి వైపున కనబడెను. మా మనస్సు మాత్రము ఊరు ఎడమవైపున నున్నదని ఘంటాపథముగా చెప్పుచుండెను. "ముసురుకు సూది చెడిపోయినట్లున్నది" అంటిమి.

ఆ పెద్ద మా వంక చూచి మెల్లగా ఇట్లనెను: "అయ్యా, ఆ సూదికి మన మీద పగేముంది, అబద్ధం చెప్పడానికి? నా గొడ్డలి దగ్గరికొస్తే అది మెదులుతున్నట్టుంది. నేను దూరం పోతా, మళ్లీ చూడండి."

ఆయన గొడ్డలితో పది అంగలు అవతలికి పోయి నిలిచెను. సూది ఒకింత కదలి, మరల ఇంచుమించు మొదటి దిక్కుననే నిలిచెను. సూది చెడలేదు, చెడినది మా బుద్ధి. "తాతా, ఊరెటున్నదో నీకు ముందే తెలిసియుండును గదా, ఏల చెప్పవైతివి?" అని అడిగితిమి. "తెలుసు. మీరు నమ్మాలి గదా" అని ఆయన నవ్వెను. కుడివైపునకు నడచితిమి. రెండు గంటలలో ఊరి చేలు కనబడెను.

నాటి మధ్యాహ్నము మరియొక జట్టునకు బాలుడు కనబడెను. ఊరికి ఒకటిన్నర కిలోమీటరు లోపుననే, ఒక వాగు గట్టున కూర్చుండియుండెను. గుర్తుకొరకు తాను తువాలు చింపి కట్టిన చెట్టు వద్దకే ముమ్మారు తిరిగి వచ్చితినని చెప్పెను. ప్రతిసారియు నేరుగా ఊరివైపు నడచుచున్నాననియే అతడు అనుకొనెనట! పెయ్య ముందునాటి సాయంకాలమే తనంతట తాను కొట్టము చేరియుండెను. వెదకబోయిన ఇద్దరిలో ఒకడు క్షేమముగా వచ్చెను. రెండవవాడు చీకటిలో బండ మీదనుండి జారి, కాలు విరిగి పడియుండెను. ఆ సంవత్సరము అతడు దుక్కికి దిగలేదు. ఉన్న రెండెకరములు కౌలుకిచ్చుకొనెను.

మనిషి ఏల చుట్టి చుట్టి వచ్చును?

ఆ బాలుడు మందబుద్ధి గాడు. అతనికి జరిగినది ఎవరికైనను జరుగును. 2009లో జర్మనీ దేశపు మాక్స్ ప్లాంక్ సంస్థకు చెందిన శాస్త్రజ్ఞులు కొందరు మనుష్యులను తెలియని అడవిలోను, ఎడారిలోను వదలి, నేరుగా నడువుడని చెప్పి, వారి అడుగుజాడలను యంత్రముల ద్వారా గుర్తించిరి. సూర్యుడు కనబడినపుడు వారు ఇంచుమించు నేరుగానే నడచిరి. మబ్బు కమ్మినపుడు అడవిలో వలయములుగా తిరిగి, తాము నడచిన దారినే తెలియక దాటిరి. కండ్లకు గంతలు కట్టినప్పుడైతే ఇరువది మీటర్ల వెడల్పు గల చిన్న వలయములలో సైతము తిరిగిరి. కండ్లకు దూరపు గుర్తు లేనపుడు ఏది 'నేరు' అను జ్ఞానము మనస్సులో అడుగడుగునకు కొంచెము కొంచెముగా చెదరిపోవును. ఆ చెదరుట మనకు తెలియదు. ఇదియే ఇందలి అపాయము.

దట్టమైన అడవిలో కన్ను ఎంత అశక్తమో మన నల్లమలయే చాటినది. 2009 సెప్టెంబరు 2వ తేదీన నాటి ముఖ్యమంత్రి డాక్టరు వై. యస్. రాజశేఖరరెడ్డిగారు ప్రయాణించుచున్న హెలికాప్టరు ఆ కొండలలో కూలిపోయినది. వర్షములో ఎంతో బలగము వెదకినను మరునాటి ఉదయము గాని దాని జాడ తెలియలేదు. అట్టి చోట ఒంటరి మనిషి కనబడకుండుటలో వింత యేమున్నది?

కావున అడవిలోనికి పోవువాడు మొట్టమొదట నేర్వవలసిన పాఠము ఇది: మనస్సు చెప్పినదానిని వెలుపలి సాక్షితో సరిచూచుకొనవలెను. ఆ సాక్షి సూర్యుడు కావచ్చును, నక్షత్రము కావచ్చును, వాగు కావచ్చును, సూది కావచ్చును. సాక్షి లేని నమ్మకముతో మాత్రము అడుగు వేయరాదు.

ఆకాశమున నున్న సాక్షులు

సూర్యుడు తూర్పున ఉదయించునని చిన్ననాడే చదివితిమి. సరిగా తూర్పున ఉదయించుట ఏడాదికి రెండు దినములే, మార్చి, సెప్టెంబరు నెలలలో రాత్రింబవళ్లు సమముగా నుండునపుడు. జూన్ మూడవ వారమున మన ప్రాంతమున సూర్యుడు తూర్పునకు సుమారు 24 డిగ్రీలు ఉత్తరముగా ఉదయించును. డిసెంబరులో అంతే దక్షిణముగా ఉదయించును. సూర్యోదయమునే తూర్పనుకొని నడచువాడు జూన్ మాసమున రెండు కిలోమీటర్లు పోవుసరికి ఎనిమిదివందల మీటర్లకు పైగా ప్రక్కకు తొలగిపోవును.

మరియొక మాట. మిట్టమధ్యాహ్నము నీడ ఉత్తరమునకు పడునని పరదేశపు పుస్తకములలో వ్రాసియుండును. అది వారి చలిదేశములకు సరి. మన తెలుగు నేలపై శ్రీశైలము వంటి చోట్ల కృత్తిక కార్తె మొదలు పుష్యమి కార్తె వరకు మధ్యాహ్న సూర్యుడు నడినెత్తిని దాటి ఉత్తరమున నుండును. అప్పుడు నీడ దక్షిణమునకు పడును. రోహిణి కార్తె ఎండలో నీడను నమ్మి ఉత్తరమునకు పోవుచున్నాననుకొనువాడు నిజమునకు దక్షిణమునకు పోవును. గడియారపు ముల్లును సూర్యునివైపు త్రిప్పి దిక్కు తెలిసికొను ఉపాయము కూడ ఆ కార్తెలలో మనకు పనికిరాదు.

ఇంతకంటె మేలైన ఉపాయము కలదు. ఎండలో చదునైన చోట ఒక కట్టె నిలువుగా పాతి, దాని నీడ కొసవద్ద ఒక గులకరాయి పెట్టుడు. ఇరువది నిమిషముల తరువాత నీడ జరిగిన కొసవద్ద రెండవ రాయి పెట్టుడు. మొదటి రాయి పడమర, రెండవది తూర్పు. ఈ రెంటిని కలుపు గీత ఇంచుమించుగా తూర్పు పడమరలను చూపును. మధ్యాహ్నమునకు దగ్గరగా చేసిన కొలది తప్పు తగ్గును.

రాత్రివేళ ధ్రువ నక్షత్రము సాక్షి. మనమున్న అక్షాంశము ఎంతో, ఆ నక్షత్రము దిగంతమునకు అంత ఎత్తున కనబడును. నల్లమలలో అది సుమారు 16 డిగ్రీలు. చేయి చాచి పిడికిలి బిగించినచో ఆ వెడల్పు పది డిగ్రీలని అంచనా. అనగా పిడికిలిన్నర ఎత్తు. అంత క్రింద నుండుటచే గుట్టయో, చెట్టో అడ్డు వచ్చి కనబడకపోవచ్చును. ముసురు పట్టినచో సూర్యుడును లేడు, ధ్రువుడును లేడు. అప్పుడు అక్కరకు వచ్చునది దిక్సూచి.

సూది చెప్పు మాట

భూమి ఒక పెద్ద అయస్కాంతము వంటిది. దిక్సూచిలోని సూది ఆ అయస్కాంతపు ఉత్తరమును చూపును. అది పటముపై గల నిజమైన ఉత్తరముతో ఖండితముగా కలియదు. ఈ భేదమును దిక్పాతము అందురు. కొన్ని దేశములలో ఇది ఇరువది డిగ్రీల వరకు నుండి బాటసారిని తికమక పెట్టును. మన తెలుగు సీమలలో నేడు ఇది రెండు డిగ్రీలకు లోపు మాత్రమే. కాలినడకకు దీనిని లెక్కింపకపోయినను పెద్ద ప్రమాదము లేదు.

ఇనుము విషయములో మాత్రము జాగ్రత్త అవసరము. గొడ్డలి, కొడవలి, గడ్డపార, సైకిలు, జీపు, టార్చిలైటు, చేతిలోని సెల్‌ఫోను, తలమీది విద్యుత్తు తీగెలు, ఇనుపరాయి గల గుట్టలు సూదిని ప్రక్కకు లాగగలవు. దిక్సూచిని సమముగా అరచేత పట్టి, ఇనుప వస్తువులను దూరముగా నుంచి చూడవలెను. సందేహము కలిగినచో ఇరువది అంగలు జరిగి మరల చూడవలెను. రెండు చోట్లను ఒకే మాట చెప్పినచో సూదినే నమ్మవలెను. మా తాత చెప్పినట్లు దానికి మనపై పగ లేదు.

ఏ దిక్కును ఎన్ని డిగ్రీలందురో కూడ తెలియవలెను. ఉత్తరము సున్న, అక్కడనుండి కుడిగా త్రిప్పగా తూర్పు 90, దక్షిణము 180, పడమర 270, మరల ఉత్తరము 360. మీరు ఊరినుండి 270 డిగ్రీలతో నడచి పోయినచో, తిరిగివచ్చుటకు అందులో 180 తీసివేసి 90 డిగ్రీలతో నడువవలెను. పోవునపుడు ఈ అంకె చూచుకొననివానికి తిరిగివచ్చునపుడు దిక్సూచి ఏమియు చెప్పలేదు. ఉత్తరమెక్కడనో సూది చెప్పును గాని, మీ ఊరెక్కడనో దానికేమి తెలియును? ఊరిని చెప్పునది పటము.

పటము వెనుక చెమట

మన దేశపు పటములను తయారుచేయు సర్వే ఆఫ్ ఇండియా సంస్థ 1767లో ఏర్పడినది. 1802లో లాంబ్టన్ అను అధికారి మద్రాసు సమీపమున సెయింట్ థామస్ మౌంట్ కడ నేలపై ఒక గీతను అతి జాగ్రత్తగా కొలిపించెను. ఆ గీత ఆధారముగా కొండనుండి కొండకు త్రిభుజములు కట్టుచు దేశమునంతయు కొలుచు మహాకార్యము ఆరంభమైనది. ఆ కార్యము మన తెలుగు నేల మీదుగా సాగినది. లాంబ్టన్ సహాయకుడు ఎవరెస్టు కృష్ణా గోదావరీ మధ్యనున్న అడవులలో వర్షాకాలమున కొలతలు సాగింపగా, ఆయనయు, ఆయన పరివారములో ఎందరో మన్నెపు జ్వరమునకు లోనైరి. 1820లో ఆయన ఆరోగ్యముకొరకు ఆఫ్రికా ఖండపు దక్షిణ కొనకు పోవలసివచ్చెను. ప్రపంచములోకెల్ల ఎత్తైన శిఖరమునకు తరువాత పెట్టినది ఆయన పేరే. ఆయనతోపాటు జ్వరపడిన జెండా మోసినవారి పేర్లు, గొలుసు లాగినవారి పేర్లు ఏ శిఖరమునకును లేవు. పటము విప్పునపుడు వారిని కూడ తలచుకొనుట మన ధర్మము.

నేడు కాలినడకకు అనువైన పటము 1:50,000 కొలతది. దీనిని టోపోషీటు అందురు. అందులో రెండు సెంటీమీటర్లు నేలపై ఒక కిలోమీటరునకు సమానము. ఒక్కొక్క పటమున మన ప్రాంతమున ఇంచుమించు 27 కిలోమీటర్ల చదరపు నేల ఇమిడియుండును. 2005 సంవత్సరపు జాతీయ పటముల విధానము ప్రకారము పౌరులకొరకు ప్రత్యేకముగా ఒక శ్రేణి పటములు ఏర్పడినవి. 2017లో ఆ పటములను ఇంటర్నెట్టు ద్వారా ఉచితముగా తీసికొను ఏర్పాటు మొదలైనది. మీ పాఠశాల ఉపాధ్యాయుల సాయముతో మీ ప్రాంతపు పటమును సంపాదించి పంచాయతీ కార్యాలయములో గోడకు తగిలింపుడు.

పటమున రంగులు భాష వంటివి. పచ్చరంగు అడవి, పసుపు సాగునేల, ఎరుపు ఇండ్లు, రోడ్లు. నీటిని గూర్చి ఒక ముఖ్య విషయము. నీరు పారు వాగును నీలిరంగునను, ఎండిన వాగును నల్లరంగునను గీయుదురు. వేసవిలో దాహముతో నల్లగీత వెంట పోవువాడు ఇసుకను చూచి కూలబడును. రంగు తెలిసినవాడు నీలిగీత వెదకును.

గోధుమరంగు గీతలు ఎత్తును తెలుపును. వానిని సమోన్నత రేఖలందురు. చెరువులో నీరు దిగుచున్నకొలది గట్టుపై వరుసలుగా తడిచారలు మిగులుటను మీరు చూచియుందురు. ఒక్కొక్క చార పొడవునను ఎత్తు ఒకటే. సమోన్నత రేఖలు కొండపై గీసిన అట్టి చారలే. సాధారణముగా ఒక చారకును తరువాతి చారకును ఎత్తులో 20 మీటర్ల భేదము. గీతలు దగ్గరగా నున్నచో నిటారు కొండ. ఎడముగా నున్నచో మెల్లని వాలు. గీతలు ఒకదానినొకటి ఒరసికొన్నట్లున్న చోటికి రాత్రివేళ పోరాదు. మా కథలో కాలు విరిగినవాడు పడిన బండ కూడ అట్టి చోటనే కలదని తరువాత పటము చూడగా తెలిసినది.

పటము మీద సర్వే చేసిన సంవత్సరము తప్పక చూడవలెను. శ్రీశైలము జలాశయము నిండకముందు తయారైన పటములో నేడు నీటి అడుగుననున్న ఊళ్లు కనబడును. కొండ కదలదు. బాట, చెరువు, ఊరు మారవచ్చును. కొండలను నమ్మి, బాటలను విచారించి నడువవలెను.

రెంటిని కలిపి వాడుట

మొదటి పని: పటమును నేలపై పరచి, దానిమీద దిక్సూచి నుంచి, పటపు ఉత్తరము సూది చూపు ఉత్తరముతో కలియునట్లు పటమునే త్రిప్పుడు. అప్పుడు పటమున కుడివైపుననున్న గుట్ట నేలపై కూడ మీ కుడివైపుననే నిలుచును. ఈ ఒక్క పనితోనే సగము తికమక తీరును.

రెండవ పని: మీరున్న చోటినుండి పోవలసిన చోటికి పటముపై దిక్సూచి పలక అంచును ఆనించి, దానిపైనున్న బాణము పోవలసినవైపు చూచునట్లుంచుడు. సూది చుట్టునున్న చక్రమును త్రిప్పి, అందలి గీతలను పటపు ఉత్తర దక్షిణ గీతలతో కలుపుడు. చక్రముపై ఉత్తరపు గుర్తు పటపు ఉత్తరమువైపే యుండవలెను. తరువాత దిక్సూచిని చేతబట్టి, సూది ఉత్తరపు కొన చక్రపు ఉత్తరపు గుర్తుతో కలియువరకు మీరే తిరుగుడు. బాణము చూపునదే మీ దారి. సూదిని చూచుచు నడువరాదు. బాణపు సూటిలో కనబడు ఒక చెట్టునో, బండనో గుర్తించి, దానిని చేరి, అక్కడ మరల చూడవలెను. చెట్టునుండి చెట్టునకు పోవువాడు వలయములో తిరుగడు.

మూడవ పని దూరమును లెక్కించుట. వంద మీటర్లు టేపుతో కొలిచి, కుడికాలు ఎన్నిమారులు నేలను తాకునో లెక్కింపుడు. పెద్దవారికి అది అరువదికిని డెబ్బదికిని మధ్య నుండును. ఎగువకు ఎక్కునపుడు పెరుగును. వంద మీటర్లకు ఒక గులకరాయి చొప్పున ఒక జేబులోనుండి మరియొక జేబులోనికి వేసికొనుడు. ఈ ఉపాయము చిన్నదని తలపవద్దు. హిమాలయ ప్రాంతమున మిలం అను గ్రామమునకు చెందిన నయన్ సింగ్ రావత్ అను బడిపంతులు 1865-66లో యాత్రికుని వేషమున లాసా నగరమునకు నడచిపోయెను. ఆయన జపమాలలో 108 పూసలకు మారుగా నూరే యుండెను. నూరు అంగలకు ఒక పూస జరుపుచు దారిని కొలిచి, దిక్సూచిని దాచియుంచి దిక్కులను గుర్తించుకొనెను. ఆ లెక్కలే టిబెట్టు పటమునకు పునాదులైనవి. పల్లెటూరి పంతులు నడచి కొలిచిన దూరమునకు 1877లో లండనునందలి రాయల్ జాగ్రఫికల్ సొసైటీ బంగారు పతకము నిచ్చినది.

నాలుగవది ఒక యుక్తి. దిక్కు చూచుటలో ఐదు డిగ్రీలు తప్పినచో ఒక కిలోమీటరునకు సుమారు 87 మీటర్లు తొలగుదుము. ఐదు కిలోమీటర్లకు నాలుగువందల మీటర్లు దాటును. మీ ఊరు వాగు ఒడ్డున నున్నదనుకొనుడు. సరిగా ఊరినే గురిపెట్టి వచ్చి వాగు చేరినపుడు ఊరు కనబడకున్నచో, అది ఎగువనున్నదో, దిగువనున్నదో తెలియదు. కావున బుద్ధిపూర్వకముగా అరకిలోమీటరు ఎగువకు గురిపెట్టి రావలెను. వాగు తగిలినపుడు సందేహము లేక దిగువకు మరలవచ్చును. తప్పు జరుగునని ముందే ఒప్పుకొన్నవానికి ఆ తప్పే దారి చూపును.

దారి తప్పినచో

ఇంత చేసినను దారి తప్పవచ్చును. అప్పుడు మొదట ఆగవలెను. కూర్చుండి, నీరు త్రాగి, పటము విప్పవలెను. చివరకు నిశ్చయముగా తెలిసిన చోటేదో గుర్తు తెచ్చుకొనవలెను. పటములో గుర్తింపగల రెండు గుట్టలు కనబడినచో, ఒక్కొక్క గుట్టను సూదితో చూచి, ఆ గుట్టనుండి మీవైపునకు పటముపై గీత గీయుడు. రెండు గీతలు కలియు చోటనే మీరున్నారు. మూడవ గుట్ట దొరకినచో సరిచూచుకొనుడు. ఏమియు తోచనిచో, చీకటి పడనున్నచో, కదలక అచ్చటనే యుండుట మేలు. మా బాలుడు వాగు గట్టున కూర్చుండుటచేతనే దొరకినాడు. ఈల వేయునపుడు మూడేసి మారులు వేయుట ఆపదకు గుర్తని పలు దేశములలో తెలిసినదే.

సెల్‌ఫోను, అందులోని ఉపగ్రహ పటము మంచి సాధనములు. వానిని వలదనుట మా ఉద్దేశము గాదు. ఆపదలో 112 సంఖ్యకు ఫోను చేయుడు. అయితే లోయలలో సంకేతము అందకపోవచ్చును. బ్యాటరీ అయిపోవచ్చును. నీట పడవచ్చును. కాగితపు పటమును ప్లాస్టిక్ సంచిలో చుట్టి వెంటనుంచుకొన్నవానికి ఆ బెంగ లేదు.

వెదకబోవువారికి కూడ ఒక మాట. పరుగెత్తకముందు పటమును మధ్యనుంచి కూర్చుండుడు. వాగులను సరిహద్దులుగా పెట్టి అడవిని భాగములు చేయుడు. ఏ జట్టు ఏ భాగమునకు పోవునో, ఎన్ని గంటలకు తిరిగివచ్చునో కాగితముపై వ్రాసి, ఒకరు ఊరిలోనే కూర్చుండవలెను. నాడు ఆ ఊరిలో అరగంట ఈ పనికి వినియోగించియున్నచో ఒక కాలు విరిగెడిది గాదు.

పెద్దలయెడ, అడవియెడ మర్యాద

పటమున్నదని పెద్దల విద్యను తీసివేయరాదు. నల్లమలలోని చెంచు పెంటలలో ఏ ఋతువున ఏ ఊట నిలుచునో, ఏ జంతువు ఏ దారిని నీటికి పోవునో తెలిసినవారు కలరు. అది ఏ పటమునను ఉండదు. వారిని అడిగి, వారు చెప్పిన ఊటలను, పేర్లను మీ పటముపై పెన్సిలుతో వ్రాసికొనుడు. అట్లు చేసినచో మీ ఊరి పటము ప్రభుత్వపు పటముకంటె మిన్న యగును.

అడవికి చట్టము కలదని కూడ మరువరాదు. నాగార్జునసాగర్ శ్రీశైలము పులుల అభయారణ్యము 2014లో జరిగిన రాష్ట్ర విభజన తరువాత రెండు భాగములై, ఆంధ్రప్రదేశమున పాత పేరుతోను, తెలంగాణమున అమ్రాబాదు పేరుతోను నున్నది. అట్టి రక్షిత ప్రాంతములలోనికి అనుమతి లేక పోవుట నేరము, అపాయము కూడ. అభ్యాసమునకు అంత దూరము పోనక్కరలేదు. మీ ఊరి గుట్ట, మీ ఊరి చెరువు చాలును.

ఈ శిబిరము ముగిసిన తరువాత మీరు చేయవలసిన పని చిన్నది. మీ ఊరి సర్వే నంబర్ల నక్షాను పంచాయతీలో అడిగి చూడుడు. దానిని దిక్సూచితో సరిపెట్టి, ఊరి గుడినుండి చెరువు తూము వరకు డిగ్రీ చూచి, అంగలు లెక్కించి నడువుడు. పగలు వచ్చిన తరువాత మరియొక దినము మబ్బులో ప్రయత్నింపుడు. చెరువు గట్టున తప్పు చేయువానికి నవ్వు మాత్రమే శిక్ష. అడవిలో శిక్ష ఎట్టిదో ఆ విరిగిన కాలు మాకు నేర్పినది.

"మీరు నమ్మాలి గదా" అని ఆ చెంచు పెద్ద అన్న మాట నేటికిని మా చెవులలో నున్నది. ఆనాటినుండి మేము దిక్సూచి తీసినప్పుడెల్ల, ముందు మా మనస్సునకు ఏది తూర్పని తోచునో చేతితో చూపి, ఆ తరువాతనే సూదిని చూచెదము. ఎన్నిమారులు తప్పినామో లెక్క చెప్పుటకు సిగ్గగుచున్నది. మీరును ఆ ఆట ఆడి చూడుడు. మీ లెక్క మాకంటె మేలుగ నుండునని ఆశించుచున్నాము.